డికోరె ఎకసెక్కెం

మా ఊరు తోగెరెలో బిడ్డకి పేరు పెట్టే పండగంటే మేకపోతు ఎంత అవసరమో డికోరె నోరూ అంతే అవసరం. మౌల్వీ బిడ్డ చెవిలో పేరు ఊదగానే ఆమె మట్టి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చేది. వచ్చి ఆ ఇంటి పెద్దని నలుగురిలో నిలబెట్టి కడిగేసేది.

"ఏం బావా, ఇది బిడ్డా, దూడా? మీ ఇంట్లో ఆ తేడా ఎవరికీ తెలీదుగా. ఆవు ఈనితే ఊరంతా చెప్పుకొస్తారు. పెళ్ళాం కంటే 'అలాగా' అని పాలు పిండుకోడానికి పోతారు."

"రావే మసిమొహందానా, అప్పుడే వాసన పట్టేశావా? మాంసం ఇంకా ఉడకలేదు."

"నీ మాంసం ఎవడిక్కావాలి? కోసిన మేకపోతుని చూశాలే. దానికంటే నా మంచినీళ్ళ కాగు బలిసుంది."

జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. తిట్టించుకున్నవాడు మాంసంలో మంచి ముక్క ఆమెకే ఇచ్చేవాడు.

నైజర్ నది చీలికలు పాయలై పరుచుకునే మా వైపు పశువులు కాసే ఫులానీలకీ, కమ్మరివాళ్ళకీ మేనబావ వరస. ఎప్పటినుంచో ఎవరికీ తెలీదు. దానికో కథ ఉంది, చెప్పేవాణ్ణి బట్టి అది మారుతుంది. కమ్మరి మనిషి ఫులానీని దొంగ, పిరికిపంద, ద్రోహి, ఆవుకి పుట్టినవాడు అనొచ్చు. ఫులానీ కమ్మరిని తిండిపోతు, బొగ్గుముక్క, పుట్టు అబద్ధాలకోరు అనొచ్చు. ఎవరికీ కోపం రాకూడదు. వస్తే వాడే నవ్వులపాలు. అబద్ధం ఎంత పెద్దదైతే అభిమానం అంత గట్టిదని లెక్క. ఇంకొకటి కూడా ఉంది. కమ్మరి మనిషి నేలమీద చతికిలబడి "కొలిమి అడుగుతోంది" అంటే ఫులానీ కాదనడానికి లేదు. పగ ఉన్నా, కత్తి ఎత్తినా సరే, దించాల్సిందే.

రాజధానిలో సదస్సులు పెట్టేవాళ్ళు ఈ ఆచారం గురించి చెమ్మగిల్లిన కళ్ళతో మాట్లాడతారు. సమాజాన్ని కలిపి ఉంచే దారం అంటారు. అంత సీను లేదు. అదొక మోటు వ్యవహారం, సగం మాంసం కోసం. కానీ పనిచేసేది. కత్తులదాకా పోవాల్సిన తగాదాలు నోటి దగ్గరే పేలిపోయేవి.

డికోరె కమ్మరి ఉమరు భార్య. మగవాళ్ళు కొలిమి దగ్గరుంటే మా కమ్మరి ఆడవాళ్ళు కుండలు చేస్తారు. ఆమె కాగులు చేసేది, ఒక్కొక్కటీ ఏడాది పిల్లంత. నది వంపులో ఒక మట్టి గుంట ఉంది. అక్కడి బంకమట్టిలో పాత పెంకుల పొడి కలిపి, చేత్తో ఒత్తి, చెక్కతో తట్టి, గడ్డీ పేడా పేర్చి కాలిస్తే ఆ కాగులో నీళ్ళు ఎండాకాలమంతా చల్లగా ఉండేవి. ఎవరైనా మెచ్చుకుంటే, "మట్టి మంచిది, నేను కాదు" అనేది. ఆమె నోట నేను విన్న వినయం మాట అదొక్కటే.

ఆ గుంట మీదే బురైమాతో తగాదా వచ్చింది. బురైమా ఫులానీ, బీళ్ళ పెద్ద. వరద తీసి నీళ్ళడుగున పెరిగిన లోతు గడ్డి బయటపడ్డాక ఎక్కడెక్కడి మందలూ మేతకి దిగేవి. ఏ మంద ముందు, ఏది వెనక అని చెప్పేది అతను. పుల్లరి వసూలు చేసేదీ అతనే. గుంటల్లో పడి ఆవుల కాళ్ళు విరుగుతున్నాయనీ, ఆ ఒడ్డు బీళ్ళ కిందికే వస్తుందనీ చెప్పి తవ్వకం ఆపించాడు. డికోరె పట్నం కోర్టుకెక్కింది.

కోర్టుకి ఇద్దరూ ఒకే పడవలో వెళ్ళేవాళ్ళు. వేరే పడవ లేదు మరి. ఆమె తెచ్చిన సజ్జ సంకటి, అతను తెచ్చిన పెరుగు కలుపుకుని తినేవాళ్ళు.

"కేసు నువ్వు గెల్చావనుకో, ఆ గుంటలోనే నిన్ను పాతిపెడతా," అనేవాడు బురైమా.

"పెట్టు. కాస్త లోతుగా తవ్వు. నీ బద్ధకం నాకు తెలీదా, కాళ్ళు బయటికి వదిలేస్తావు."

జడ్జికి బురైమా గొర్రెని తోలుకెళ్ళేవాడు, డికోరె ఎండుచేపల బుట్ట మోసుకెళ్ళేది. రెండూ తూకం సరిపోయేవి కాబోలు, తీర్పు ఎటూ ఒరగలేదు. వాయిదా మీద వాయిదా పడింది. ఈలోగా ఆమె దొంగతనంగా మట్టి తవ్వుకునేది, అతను చూడనట్టు పోయేవాడు.

ఆ తర్వాత ఉత్తరాది పట్నాలు ఒకదాని వెనక ఒకటి తిరుగుబాటువాళ్ళ చేతుల్లో పడిపోయిన ఏడాది వచ్చింది. జరిమానాలకి తప్ప ముఖం చూపించని అడవి అధికారి ఒక తెల్లవారుజామున పెద్ద పడవలో పరుపుతో సహా వెళ్ళిపోయాడు. ఠాణాకి తాళం పడింది. జడ్జి రాజధానికి పోయాడు. ప్రభుత్వం కుప్పకూలిందని రేడియోలో గోల. మాకు కూలిన చప్పుడేమీ వినబడలేదు. పొద్దున లేచి చూస్తే ఆ కుర్చీలో ఎవరూ లేరు, అంతే.

ఖాళీ కుర్చీ ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది? అల్లాయ్ వచ్చాడు. పరాయివాడేం కాదు. బురైమా మందల్లో జీతానికి ఉన్న ఫులానీ కాపరి కొడుకు. ఉత్తరాదికి పోయి, మోటార్ సైకిల్ మీద తుపాకీతో తిరిగొచ్చాడు. వెంట పదిపన్నెండు మంది. నదికి అవతల తుమ్మ అడవిలో మకాం వేశారు. మేం వాళ్ళని అడవివాళ్ళు అనేవాళ్ళం. ఇప్పటికీ పేరు పెట్టి పిలవం.

వచ్చిన కొత్తల్లోనే మట్టి గుంట తగాదా ఎత్తుకున్నాడు. వేపచెట్టు కింద ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. గొర్రె వద్దన్నాడు, చేపలు వద్దన్నాడు. "ఆ గుంట మొదట ఎవరు తవ్వారు?" అని అడిగాడు.

"మా అమ్మమ్మ తవ్వింది. దానికి ముందు దాని అమ్మ," అంది డికోరె.

"నీ మాట చాలు. గుంట కుండలు చేసేవాళ్ళది." ఆ పూటే పుల్లరీ రద్దు చేశాడు. అల్లా మొలిపించిన గడ్డికి మనిషి పుల్లరేమిటన్నాడు. కాపరులు చెట్టు కిందే సాష్టాంగపడ్డారు.

డికోరె సంతలో కాగు మీద దరువేస్తూ చాటింది. "గొర్రె తిన్నవాడికి ఏళ్ళు పట్టింది. నీళ్ళు కూడా ముట్టనివాడు ఒక పూటలో తేల్చాడు! ఇంకెందుకర్రా మనకి ఆ పట్నం?" ఆమె మాటకి మా వైపు బరువుంది. ఆ వారం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ తగాదాలు మోసుకుని తుమ్మ అడవికి బయల్దేరారు. ఉగ్రవాదం ఎలా పాకుతుందని నన్నడిగితే నేను ఉపన్యాసాలు చెప్పను. ఆ వారం మా రేవులో కట్టిన పడవల్ని చూపిస్తాను.

తర్వాతివి ఒక్కొక్కటిగా వచ్చాయి. మొదట బడి మూయించారు. పంతులు వెళ్ళిపోతే పెద్ద బాధేం పడలేదు, అతను వచ్చేదే తక్కువ. తర్వాత పెళ్ళిళ్ళలో డప్పు ఆగింది. తర్వాత ఆడవాళ్ళు రేవుకి ఒంటరిగా పోకూడదన్నారు. కుండలు చేసేవాళ్ళు మట్టికి ఒంటరిగా కాక ఎలా పోతారని డికోరె అడిగింది. ఉమరు కొలిమి ఆపి ఆమె వెంట గట్టు మీద కూర్చునేవాడు. ఆ తర్వాత అల్లాయ్ పక్కన ఒక ఖాజీ కనిపించాడు. సరిహద్దు అవతలివాడు. సన్నటి గొంతు, ఎప్పుడూ గొంతు పెంచడు.

ఆ రోజుల్లోనే సర్కారు సిపాయిలు రెండు పడవల్లో వచ్చి ఒక పూట ఊళ్ళో ఆగారు. బురైమా వాకిట్లో టీ తాగి వెళ్ళారు. కొన్నాళ్ళకి అతని మనవడికి పేరు పెట్టే పండగ. డప్పు లేదు, పాట లేదు, జనం ఉసూరుమంటూ కూర్చున్నారు. డికోరెకి అది చూస్తే ఒళ్ళు మండింది. లేచి నిలబడింది.

"ఏం బావా, పంచదార ఇంకా మిగిలిందా? వినండర్రా! ఈ పిసినారి తుమ్మ అడవిలోకి దారి చెప్పి సిపాయిల దగ్గర బస్తా పంచదార కొట్టేశాడు. నాకు చెంచాడు కూడా పెట్టలేదు. తోడుదొంగకి వాటా ఇవ్వనివాణ్ణి నిన్నే చూశాను!"

"నీకు పెడితే ఏం లాభం? నీ నాలిక మీద పంచదార కూడా చేదెక్కుతుంది," అన్నాడు బురైమా. చాలా రోజుల తర్వాత ఊరు నవ్వింది. ఖాజీ మనుషులు ఇద్దరు దడి పక్కన పాలు తాగుతున్నారు. వాళ్ళు నవ్వారో లేదో ఎవరూ చూడలేదు.

వారం తిరక్కుండా సిపాయిలు తుమ్మ అడవి మీద పడ్డారు. అల్లాయ్ మనుషులు ముగ్గురు చచ్చారు. మర్నాడు పొద్దున మోటార్ సైకిళ్ళు వచ్చి బురైమాని పాలపాక దగ్గర ఎక్కించుకుని పోయాయి.

కబురు తెచ్చింది అతని భార్య మైరమా. కుండలు కాల్చడానికి ఆవం పేరుస్తున్న డికోరె ఎదురుగా నిలబడింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నీ మాట మీదే తీసుకెళ్ళారే. దారి చెప్పాడని నువ్వన్నావంట, ఖాజీ మనుషులు విన్నారంట. శుక్రవారం నమాజు తర్వాత తీర్పంట."

"నేనా? అది... వదినా, అది ఎకసెక్కెం కదా! ఊరంతా నవ్వింది కదా!"

"ఊరు నవ్వితే వాళ్ళకేంటి? నీ నోరే తీసుకుపోయింది. నీ నోరే తీసుకురావాలి."

డికోరె చేతిలో గడ్డి అలాగే ఉంది. కాసేపటికి దాన్ని కిందపెట్టి, చేతులు కడుక్కుని, మొగుణ్ణి పిలిచింది. "పడవ తియ్యి. అల్లాయ్ మన చేతుల్లో పెరిగినవాడు. కొలిమి అడిగితే కాదనడు."

"అప్పటి అల్లాయ్ కాదనడు," అన్నాడు ఉమరు. అయినా పడవ తీశాడు.

తుమ్మ అడవిలో ఎండ మచ్చలు మచ్చలుగా పడుతోంది. మోటార్ సైకిళ్ళ మీద గడ్డి కప్పి ఉంది. ఒక చాప మీద ఖాజీ, పక్కన తలపాగా కింద సగం ముఖంతో అల్లాయ్. కాస్త దూరంలో చెట్టుకి కట్టేసిన బురైమా. అతని తల మీద టోపీ లేదు. ఏనాడూ టోపీ లేకుండా చూడని మనిషిని అలా చూసి డికోరెకి మొదటిసారి భయం వేసింది. భయం వేస్తే ఆమెకి తెలిసిన మందు ఒకటే.

"ఇతను సిపాయిలకి దారి చెప్పాడని అన్నది నువ్వేనా?" అని ఖాజీ అడిగాడు.

"నేనే. వీడి తల్లి గాడిద అని కూడా అన్నాను. దాని మీద విచారణ ఎప్పుడు?"

ఎవరూ నవ్వలేదు. చెట్టు దగ్గర బురైమా కళ్ళు మూసుకున్నాడు.

"మీ ఆచారం నాకు తెలుసు," అన్నాడు ఖాజీ మెల్లగా. "మా ఊళ్ళోనూ ఉండేది. మా నాన్న కూడా నవ్వేవాడు. సరదాకి ఆడినా అబద్ధం అబద్ధమే. నువ్వు చెప్పింది నిజమైతే ఇతనికి చావు. అబద్ధమైతే నింద మోపినందుకు నీకు కొరడా. ఏది?"

"అబద్ధం. కొట్టించండి."

"దెబ్బలకి భయపడి అబద్ధమాడేవాళ్ళని చూశాను. దెబ్బలకి సిద్ధపడి అబద్ధమాడేవాళ్ళనీ చూశాను. సిపాయిలు ఇతని వాకిట్లో టీ తాగారా, లేదా?"

"తాగారు. తుపాకీతో వచ్చి టీ అడిగితే పొయ్యనని ఎవడంటాడు? మొన్న మీవాళ్ళు మా వాకిట్లో తాగారు. రేపు సిపాయిలు వచ్చి నన్నడుగుతారు, ఎందుకు పోశావని. వాళ్ళకీ ఇదే చెప్తాను."

ఉమరు ఆమె కొంగు లాగాడు. ఆమె విదిలించుకుని నేల మీద చతికిలబడింది. ఖాజీ వైపు కాదు, అల్లాయ్ వైపు తిరిగి.

"కొలిమి అడుగుతోంది, అల్లాయ్."

అల్లాయ్ తుపాకీ పట్టీ సర్దుకున్నాడు.

"నీకు సున్తీ చేసిన కమ్మరి చెయ్యి ఇదిగో, నా పక్కనుంది. పుండు మానేదాకా నీకు పాలూ అన్నం పెట్టింది నేను. మా వాకిట్లో కూర్చుని, నేను మీ నాన్నని తిడుతుంటే పొర్లి పొర్లి నవ్వేవాడివి. నేను అబద్ధాలకోరునో కాదో ఇక్కడ నీకొక్కడికే తెలుసు. చెప్పరా. వీళ్ళకి చెప్పు."

అతనికి తెలుసు. అది అతని కళ్ళలో కనబడింది. ఖాజీ కూడా ఆ కళ్ళనే చూస్తున్నాడు. ముగ్గుర్ని పోగొట్టుకున్న మనుషులు చుట్టూ నిలబడి చూస్తున్నారు. అల్లాయ్ వాళ్ళ వైపు తిరిగాడు. మాట్లాడినప్పుడు ఆమె వైపు చూడలేదు.

"కమ్మరివాళ్ళ మాట సాక్ష్యానికి పనికిరాదు. పుట్టు అబద్ధాలకోర్లు. మాంసం ముక్క కోసం నోటికొచ్చింది వాగుతారు. వీళ్ళ మాట మీద కోడిని కూడా కొయ్యలేం."

ప్రతి ఫులానీ ప్రతి పండగలో అనే మాటే అది. బురైమా ఆమెని వందసార్లు అని ఉంటాడు. డికోరె అలవాటు కొద్దీ నోరు తెరిచింది, తిప్పికొట్టడానికి. అల్లాయ్ ముఖంలో నవ్వు లేకపోవడం చూసి మూసుకుంది.

ఖాజీ కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "సరే. వేరే సాక్షి లేడు. ముసలివాణ్ణి వదిలెయ్యండి." డికోరె లేవబోతుంటే అల్లాయ్‌ని అడిగాడు. "మరి ఆ మట్టి గుంట తీర్పు ఎవరి మాట మీద ఇచ్చావు?"

అల్లాయ్ డికోరెని వేలితో చూపించాడు. "ఈమె మాట మీదే."

"అయితే అదీ చెల్లదు. హక్కుదారు తేలేదాకా ఒడ్డు మన అధీనంలో ఉంటుంది. బీళ్ళు కూడా."

గొంతు పెంచకుండానే అన్నాడు. ఏళ్ళ తరబడి కోర్టు తేల్చలేనిది రెండోసారి కూడా ఒక్క పూటలోనే తేలిపోయింది.

రద్దు చేసిన పుల్లరి ఆ ఏడు మళ్ళీ మొదలైంది. పేరు జకాత్, అల్లా పేరు మీద ఇచ్చే వాటా. బురైమా అడిగినదానికంటే ఎక్కువే. సాష్టాంగపడ్డ కాపరులు నోరు మెదపలేదు. గుంట దగ్గర తుపాకీ మనిషి ఒకడు కూర్చున్నాడు. తట్టెడు మట్టికి ఒక కుండ అన్నాడు. డికోరె మట్టి మానేసి ఇసుక కలిసిన ఇంటి వెనకాల నేల తవ్వింది. ఆ కాగులు ఆవంలోనే సగం పగిలేవి.

కానీ ఆమెని కుంగదీసింది మట్టి కాదు. తిరుగు ప్రయాణంలో పడవలో జరిగింది.

ఉమరు గెడ వేస్తున్నాడు. బురైమా ముందు భాగంలో బోడి తలతో కూర్చున్నాడు. కాళ్ళకి తాడు ఒరుసుకున్న చోట రక్తం చారలు. పాయ మధ్యలోకి వచ్చాక డికోరె గొంతు సవరించుకుంది.

"ఏం బావా, టోపీ కూడా వాళ్ళకే ఇచ్చేశావా? లంచమిస్తే గాని వదల్లేదన్నమాట. నీ బుర్ర ఇంత నున్నగా ఉంటుందని తెలిస్తే దీని అచ్చు మీదే కాగులు చేసేదాన్ని కదా, ఇన్నేళ్ళూ..."

బురైమా మొదట ఒక ఒడ్డు వైపు చూశాడు. తర్వాత రెండో ఒడ్డు చూశాడు. రెల్లు తప్ప ఏమీ లేదు.

"అమ్మా, మీరు కాస్త మధ్యకి జరిగి కూర్చోండి," అన్నాడు. "పడవ ఒరుగుతోంది. మీ మేలు మరచిపోను."

ఉమరు గెడ ఆపేశాడు. పడవ దానంతటది కొంతదూరం పోయింది. డికోరె మధ్యకి జరిగి కూర్చుంది.

ఆ తర్వాత తోగెరెలో పేరు పెట్టే పండగలు త్వరగా అయిపోయేవి. వచ్చినవాళ్ళు మర్యాదగా కూర్చుని, మర్యాదగా తిని లేచేవాళ్ళు. ఎవరెవర్ని ఏమన్నారో, ఏ దడి వెనక ఎవరున్నారో ఎవరికీ నమ్మకం లేదు. మాటామాటా వచ్చినా తిట్టుకోవడం లేదు. కక్ష ఉంటే మనసులో పెట్టుకుని ఇంటికి పోతున్నారు.

వేసవి చివర సంతలో కొత్త మనుషులు కనిపించారు. తూర్పు గుట్టల మీది వేటగాళ్ళు. మెడలో తాయెత్తులు, భుజాన నాటు తుపాకులు. అడవివాళ్ళు వాళ్ళ పల్లె ఒకటి తగలబెట్టారు. వాళ్ళిప్పుడు సొంత దండు కట్టుకున్నారు. అల్లాయ్ ఫులానీ కాబట్టి ఆ దండుకి ఫులానీ అంటే చాలు, విడిగా నేరం అక్కర్లేదు.

అందులో ఒకడు డికోరె ముందు గొంతుక్కూర్చుని కాగు మీద వేలితో కొట్టి చూశాడు. పగుళ్ళ చప్పుడు వచ్చింది. కొనలేదు. లేవలేదు కూడా.

"పిన్నీ, నువ్వు కమ్మరిదానివి కదా. మీకు ఈ ఊరి ఫులానీలందరూ తెలుసంటారు."

"కుండలు కొనేవాళ్ళు తెలుసు."

"అడవివాళ్ళు పట్టుకెళ్ళి వదిలేసిన ముసలివాడు ఒకడున్నాడంట. ఊరికే ఎందుకు వదుల్తారు? వాళ్ళ మనిషై ఉండాలి. పేరు బురైమానో ఏదో. నీకు తెలుసా?"

పాలమ్మే వరసలో, నాలుగు బారల దూరంలో, బురైమా కొత్త టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మాట అతనికీ వినిపించింది. చేతిలో పాలబుర్ర అలాగే ఉంది.

వెనకటి రోజులైతే ఆమె ఏమనేదో సంతంతా చెప్పగలదు. తెలియకేం, వాడు దొంగ, వాడు ద్రోహి, వాడి తల్లి గాడిద, వాడు నా బావ.

డికోరె అటు చూడలేదు. పగిలిన కాగు అంచు మీద ధూళి తుడిచింది.

"ఆ పేరుగలవాడు నాకెవరూ తెలీదు నాయనా," అంది.

బురైమా టోపీ కళ్ళ మీదికి లాక్కుని, పాలబుర్ర కింద పెట్టేసి, జనంలో కలిసిపోయాడు. వేటగాడు మాత్రం ఇంకా కూర్చునే ఉన్నాడు. పాలవరసలో ఎవరూ పట్టుకోని ఆ బుర్ర వైపే చూస్తున్నాడు.